ఆక్సిజన్ నిజంగా ఎక్కడ తగ్గుతుంది?

రావిచెట్టు రాత్రింబవళ్ళు ఆక్సిజన్ ఇస్తుందని ఓ సందేశం ఏళ్ళ తరబడి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. దానికి జోడీగా పెద్దల మాట ఇంకోటుంది: రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదు. ఒకప్పుడు అక్కడ దయ్యాలుంటాయనేవారు, ఇప్పుడు బొగ్గుపులుసు వాయువు ఉంటుందంటున్నారు. ఒకటి ఆశ, ఒకటి భయం; రెండింటి వెనకా ఉన్నది ఒకే ఊహ. మన చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ చెట్టును బట్టి, చోటును బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుందని. ఆరుబయట గాలి విషయంలో ఈ ఊహ నిలవదు. తేమను పక్కన పెడితే గాలిలో నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 20.95 శాతం, ఆర్గాన్ 0.93 శాతం. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం పైచిలుకు. విజయవాడ బెంజి సర్కిల్‌లో కొలిచినా, నల్లమల అడవిలో కొలిచినా ఆక్సిజన్ అంకెలో చెప్పుకోదగ్గ తేడా రాదు. కూడలిలో ఊపిరి సలపకపోతే ఆ పాపం పొగది, దుమ్ముది.

ఆకు ఆక్సిజన్‌ను వదిలేది నీటి అణువును చీల్చినప్పుడు. వెలుతురు లేకుండా ఆ పని జరగదు. డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే ఈ సంగతి తేల్చాడు: నీళ్ళలో ముంచిన ఆకుల నుంచి ఎండలో బుడగలు లేచాయి, చీకట్లో ఆగిపోయాయి. మరి కలబంద, నాగజెముడు రాత్రిపూటే పత్రరంధ్రాలు తెరుస్తాయి కదా అని చదువుకున్నవాళ్ళే అడుగుతారు. తెరుస్తాయి, నిజమే. అయితే అవి రాత్రి లోపలికి తీసుకునేది కార్బన్ డయాక్సైడ్‌ను. దాన్ని ఆమ్లంగా దాచుకుని పగలు వాడుకుంటాయి. ఆక్సిజన్ మాత్రం అప్పుడు కూడా పొద్దు పొడిచాకే. రావిచెట్టుకు ఈ నియమం నుంచి మినహాయింపేమీ లేదు. ఇక చింతచెట్టు రాత్రిళ్ళు శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్ వదలడం వాస్తవమే, కానీ ఆరుబయట అది చెట్టు కింద కుప్పపడి ఉండదు, గాలిలో కలిసి చెదిరిపోతుంది. తలుపులేసిన గదిలో నలుగురు పడుకుంటే రాని భయం చెట్టు కింద రావడమే విచిత్రం.

ఇదే ఊహ పెద్ద ఎత్తున చేరితే అమెజాన్ అడవి భూమికి ఊపిరితిత్తులు అవుతుంది. 2019లో అక్కడ మంటలు చెలరేగినప్పుడు మన ఆక్సిజన్‌లో 20 శాతం ఆ అడవిదేనని దేశాధినేతలు కూడా అన్నారు. పెద్ద వయసు అడవి పగలు తయారుచేసిన ఆక్సిజన్‌ను దాదాపు అంతా తనే ఖర్చుపెట్టుకుంటుంది: చెట్ల శ్వాసకు కొంత, రాలిన ఆకులూ కూలిన మానులూ కుళ్ళడానికి మిగతాది. నికరంగా మిగిలేది సున్నాకు దగ్గర. మనం పీలుస్తున్న ఆక్సిజన్ కోట్ల ఏళ్ళ నాటి నిల్వ. కుళ్ళకుండా మట్టిలో, సముద్రపు అడుగున పూడిపోయిన జీవపదార్థానికి బదులుగా గాలిలో మిగిలిన సరుకు అది. మొత్తం సుమారు 1,200 లక్షల కోట్ల టన్నులు. తెలిసిన బొగ్గు, చమురు నిల్వలన్నీ తగలబెట్టినా అందులో 3 శాతం కూడా తరగదని వాలెస్ బ్రోకర్ అనే శాస్త్రవేత్త 1970లోనే లెక్కగట్టాడు. ఇంధనాలు మండిస్తున్నందుకు ఆక్సిజన్ తగ్గుతున్న మాట నిజమే; ఆ తగ్గుదల పది లక్షల అణువుల గాలిలో ఏటా నాలుగు చొప్పున మాత్రమే. అలాంటప్పుడు అడవులెందుకని ఎవరైనా వాదిస్తే, వాళ్ళు చూస్తున్నది తప్పు పద్దు. పది లక్షలకు 1958లో 315 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అడవి నరికితే దెబ్బ పడేది ఆ పద్దులో, వానల్లో, నేలలో.

కేదార్‌నాథ్ వెళ్ళొచ్చినవాళ్ళు మాత్రం ఒప్పుకోరు: అక్కడ ఆక్సిజన్ తక్కువని ఒంటికే తెలిసిందంటారు. ఒళ్ళు చెప్పింది నిజం, శాతం మాత్రం మారలేదు. 3,583 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గుడి ముందు కూడా ఆక్సిజన్ 20.95 శాతమే, 8,849 మీటర్ల ఎవరెస్ట్ శిఖరం మీదా అంతే. తగ్గింది గాలి పీడనం. కేదార్‌నాథ్‌లో అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ, ఎవరెస్ట్ మీద మూడో వంతు. అందువల్ల ప్రతి శ్వాసలోనూ అన్ని వాయువుల అణువులూ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. యాత్రికులు జేబులో పెట్టుకెళ్ళే కర్పూరం పొట్లం ఈ లోటును పూడ్చలేదు. కర్పూరం ముక్కులోని చల్లదనం నాడులను తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఒక్క శాతం కూడా పెంచదు. మెల్లగా ఎక్కాలి, ఒళ్ళు అలవాటు పడేదాకా ఆగాలి, తలనొప్పి, ఆయాసం ముదిరితే వెంటనే దిగిపోవాలి.

శాతం ఎందుకు మారదు? ఆక్సిజన్ నత్రజని కన్నా బరువు, కార్బన్ డయాక్సైడ్ ఇంకా బరువు. బరువైనది అడుగుకు చేరాలి కదా అనేది సబబైన ప్రశ్నే. నీళ్ళలో కరిగిన చక్కెర మళ్ళీ విడిపోయి గ్లాసు అడుగుకు చేరనట్టే, ఒకసారి కలిసిన వాయువులు బరువు ప్రకారం మళ్ళీ విడిపోవు. అణువుల చలనం, గాలుల సుడి వాటిని సుమారు వంద కిలోమీటర్ల ఎత్తుదాకా కలిపే ఉంచుతాయి. అయితే కలిసే అవకాశం లేనిచోట బరువు తన పని తాను చేస్తుంది. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లోని న్యోస్ సరస్సు అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగదన్ని లోయల్లోకి పాకింది. సుమారు 1,700 మంది చనిపోయారు.

అలాంటి చోట్లు మన ఊళ్ళలోనూ ఉన్నాయి: పాడుబడ్డ బావి, సెప్టిక్ ట్యాంకు, మూతపెట్టిన డ్రైనేజీ గుంత. అక్కడ గాలి కదలదు, కుళ్ళు ఆక్సిజన్‌ను తినేస్తుంది, అడుగున కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. ఆక్సిజన్ పది శాతం దిగువకు పడితే ఊపిరాడటం లేదన్న సంగతి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. పడిపోయినవాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయేది అందుకే. బావిలోకి దీపం దించి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ లేకపోవడాన్ని పట్టిస్తుంది కానీ విషవాయువును పట్టించదు. మీథేన్ ఉంటే దీపమే ప్రమాదం. లోపల మనిషి పడిపోయి కనిపిస్తే ఎంత దగ్గరివాడైనా దిగకండి. 101కి, అంటే అగ్నిమాపక దళానికి, ఫోన్ చేయండి, వాళ్ళు వచ్చేలోగా బ్లోయర్ దొరికితే పైనుంచే గాలి కొట్టించండి.