నేతగానికి తాయ్ చీ విద్య పనికివచ్చునా?

మన పత్రికలో నూలు ధరలను గూర్చి, సబ్సిడీ బకాయిలను గూర్చి, పండుగ అమ్మకములను గూర్చి వ్యాసములు తరచుగా వచ్చుచుండును. మగ్గము మరమ్మతును గూర్చియు అప్పుడప్పుడు వచ్చును. ఆ మగ్గము మీద కూర్చుండు మనిషి మరమ్మతును గూర్చి మాత్రము వ్రాయువారు మిక్కిలి తక్కువ. గుంట మగ్గములో ఇరువది యేండ్లు కూర్చున్నవానికి మెడ, కుడి భుజము, నడుము, మోకాలు, వీనిలో ఏదో యొకటి పట్టుకొనుట మనమందరము చూచుచున్నదే. మీటర్ల లెక్కన కూలి వచ్చు వృత్తిలో భుజము లేవని రోజు కూలి లేని రోజు. బట్ట కొలిచి లెక్క కట్టుట నా పని గనుక ఎవరి పుస్తకములో మీటర్లు తగ్గుచున్నవో నాకు ముందుగా కనబడును. నూలు చెడ్డదా యని అడిగితిమేని, కాదు, చేయి చెడ్డది అను జవాబు వచ్చును.

ఈ సందర్భమున చైనా దేశమువారి తాయ్ చీ యను వ్యాయామమును గూర్చి కొంత వివరింపదలచినాను. నడుము నొప్పికై వెళ్లినప్పుడు పొరుగూరి వైద్యుడొకరు నాకీ మాట చెప్పిరి. తరువాత దొరికినంత చదివితిని, కొంత అభ్యసించితిని. నేనీ విద్యకు గురువును కాను. చైనా విద్యకును కర్ఖేలి నేతగానికిని సంబంధమేమని సభ్యులు నవ్వవచ్చును. సంబంధము పోగంత సన్నమైనదే. కాని అది నిజముగా పోగు సంబంధమే. ఆ విద్యలో దేహమును కదలించు పద్ధతికి పూర్వాచార్యులు చెప్పిన పోలిక పట్టుకాయ నుండి దారము తీయుట. కుస్తీవాని పోలిక గాని, కత్తివాని పోలిక గాని వారికి తోచలేదు. మన కులవృత్తిలోని పోలికయే తోచినది.

ముందుగా దాని పుట్టుపూర్వోత్తరములు చెప్పెదను. చైనాలో హెనాన్ రాష్ట్రమున చెన్ వంశమువారి గ్రామమొకటి కలదు. పదునేడవ శతాబ్దమున ఆ యూరి చెన్ వాంగ్‌టింగ్ అనునతడు ఈ సాధనకు రూపమిచ్చెనని పరిశోధకులు పలువురు చెప్పుదురు. కొండలలో తపస్సు చేసిన సన్యాసి యొకడు కనిపెట్టెనను కథ కూడ కలదుగాని, అట్టి కథ లేని విద్య మన దేశమున మాత్రమున్నదా! ఆ గ్రామమున నేర్చిన యాంగ్ లూచాన్ (1799–1872) దానిని రాజధానియగు బీజింగునకు తీసికొనిపోయెను. అతని మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) దూకుట, తన్నుట వంటివి తగ్గించి, ముసలివారును చేయదగినట్లు నిదానమైన పద్ధతిని వ్యాపింపజేసెను. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ 24 కదలికలతో ఒక చిన్న వరుసను ఏర్పరచెను. నేడు లోకమున ఎక్కువమంది నేర్చునది అదియే. 2020లో యునెస్కో ఈ విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. పుట్టుక పోరాట విద్యగానే. నేడు ఆరోగ్యమునకై చేయువారే అధికము.

ఇక అసలు సంగతి. పట్టుకాయను వేడినీటిలో వేసినప్పుడు దాని జిగురు మెత్తబడును. అప్పుడు కొస పట్టుకొని తీయవలెను. ఒక్కొక్క కాయలో ఇంచుమించు తొమ్మిది వందల మీటర్లు, మంచి కాయయైనచో అంతకు మించియు, ఒకే పోగు ఉండును. ఆ ఒంటిపోగు మిక్కిలి సన్నము గనుక ఏడెనిమిది కాయల పోగులను కలిపి ఒక దారముగా తీయుదురు. విసురుగా లాగితిరా, పోగు తెగును. ఆగి ఆగి లాగితిరా, ఆగినచోట బిగువు మారి అక్కడనే తెగును. చేయి మొదటి నుండి తుదివరకు ఒకే తీరున సాగవలెను. మన నాందేడు ప్రాంతమున పట్టు కంటె నూలే ఎక్కువగాని, రాట్నము మీద కండెలు చుట్టు మన ఆడవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా చుట్టిన కండె నాడెలో పడిన తరువాత ఎన్ని తిప్పలు పెట్టునో నేయువానిని అడుగవలెను.

తాయ్ చీలో చేయి ఎత్తినను, అడుగు వేసినను ఇదే నియమము. వేగము మారకూడదు, బిగువు మారకూడదు. ఒక కదలిక ముగిసినచోటనే రెండవది మొదలు కావలెను, నడుమ ముడి కనబడకూడదు. చూచువారికి నీటిలో నడచుచున్నట్లుండును. ఇంత నెమ్మది ఎందులకని నేనును అనుకొంటిని. చేసినప్పుడు తెలిసినది. వేగముగా చేయు పనిలో లోపమును ఊపు కప్పివేయును. మగ్గము జోరుగా ఆడుచున్నప్పుడు తెగిన పడుగు పోగు నాలుగు వ్రేళ్ల బట్ట నేసిన తరువాత గాని కనబడదు గదా! నెమ్మదిగా కాలెత్తి చూడుడు. ఏ మోకాలు వణకుచున్నదో, ఎప్పుడు ఊపిరి బిగబట్టుచున్నారో, ఏ భుజము పనిలేకయే చెవిదాక లేచుచున్నదో ఆ క్షణముననే బయటపడును.

చెన్ వంశమువారి పద్ధతిలో ఇంకొక పోలిక కలదు. అది దారము తీయుట కాదు, దారము చుట్టుట. ఆ వంశపు చెన్ షిన్ (1849–1929) దీనిని బొమ్మలతో విపులముగా వ్రాసెను. ఆయన గ్రంథము మరణానంతరము 1933లో అచ్చయినది. చేయి ముందుకు పోవునప్పుడు తిన్నగా పోక, తనచుట్టు తాను మెల్లగా తిరుగుచు పోవును. నడుము తిరిగిన కొలది భుజము, భుజము తిరిగిన కొలది మోచేయి, చివరకు అరచేయి తిరుగును. నేను దీనిని పురి అని అర్థము చేసికొంటిని. దూదిని పోగుగా సాగదీసి లాగి చూడుడు, విడిపోవును. అదే దూదికి పురి యెక్కించినచో పడుగున నిలిచి పలక దెబ్బలను వేలకొలది ఓర్చును. దూది మారలేదు, పీచులు ఒకదానినొకటి పట్టుకొన్నవి. కాలిమడమ నుండి వ్రేలికొన వరకు దేహమంతయు అట్లు ఒకదానినొకటి పట్టుకొని కదలవలెనని వారి భావము. కుడిపురి, ఎడమపురి యని మనకున్నట్లే వారికిని లోపలికి తిరుగుట, వెలుపలికి తిరుగుట యని రెండు కలవు.

యాంగ్ చెంగ్‌ఫూ చెప్పగా శిష్యుడు వ్రాసికొన్న ముఖ్య నియమములు పది. అన్నియు వ్రాయను. మన మగ్గమునకు తగులునవి మూడే.

ఒకటి, బరువును గూర్చినది. దేహపు బరువు ఒక కాలి మీద నిండుగా ఉన్నప్పుడు రెండవ కాలు ఖాళీగా ఉండవలెను. రెంటి మీద సగము సగముగా నిలిచినవాడు ఎటును కదలలేడు. ఇది నిలుచున్నవానికి చెప్పిన మాట. మనము గుంట అంచున కూర్చుండువారము. అయినను తొక్కుడు చెక్కల సంగతి తలచుకొనుడు. కుడిచెక్క తొక్కినప్పుడు ఎడమపాదమును పూర్తిగా వదలక కొంత అదిమి ఉంచు అలవాటు కొందరికి కలదు. దానివలన పడుగు సరిగా విచ్చుకొనదు, నాడె పోగులను రాచుకొని పోవును, పోగులు తెగును. రెండు కాళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుటచే సాయంత్రమునకు తొడలు రాళ్లవలె అగును. మా సభ్యుడొకనికి ఈ సంగతి చూపగా, పాదమును ఖాళీచేయుట నేర్చుకొనుటకు నెల పట్టినది. పోగులు తెగుట తగ్గినదని అతడే చెప్పెను.

రెండవది భుజము. భుజములు దిగియుండవలెను, మోచేతులు వ్రేలాడవలెను. బలము పాదమున పుట్టి, నడుమువద్ద దారి మరలి, చేతిలో బయటపడవలెను గాని చేతిలోనే పుట్టకూడదని వారి సిద్ధాంతము. మనవాడు ఒక చేత నాడె త్రాడు గుంజును, రెండవ చేత పలకను లాగి పేకను కొట్టును. భుజము ఎగబట్టి కొట్టువాని దెబ్బ ఉదయము ఒక తీరు, మధ్యాహ్నము ఒక తీరు, సాయంత్రము మరియొక తీరు. నేను దీపము ముందర బట్ట పట్టి చూచినప్పుడు గట్టి పట్టెలు, పలుచని పట్టెలు అడ్డముగా కనబడును. ఆ బట్ట రెండవరకము క్రింద పోవును, కూలియు అట్లే తగ్గును. భుజము దింపి, పీట మీద స్థిరముగా కూర్చుండి, మొండెమంతటితో కొంచెముగా లాగువాని దెబ్బ దినమంతయు ఇంచుమించు ఒకటిగా నుండును. ఊగమని కాదు. చూచువానికి కదలిక కనబడకూడదు.

మూడవది తల. నడినెత్తిన దారము కట్టి పైనుండి వ్రేలాడదీసినట్లు తల తేలికగా నిలువవలెనట. మన వారి మెడ మాత్రము ఎప్పుడును బట్ట మీదకు వంగియే యుండును. ఇందులో సగము తప్పు మెడది కాదు, బల్బుది. దీపము వీపు వెనుక వ్రేలాడుచుండగా, తన నీడలో తాను పోగులు వెదకుకొనువానికి ఏ చైనా గురువు చెప్పినను మెడ నిలువదు. ముందుగా బల్బును పలకకు ఎగువకు మార్చుకొనుడు.

అసలు, చేయి చేయనక్కరలేని పనిని చేతి మీదనుండి తీసివేయుట అన్ని వ్యాయామములకంటె మేలు. ఆలేరు వాస్తవ్యుడు చింతకింది మల్లేశము చేసిన పని ఇదియే. పోచంపల్లి రకపు చీరెకు ఆసు పోయుటలో ఒక చీరెకు ఇంచుమించు తొమ్మిది వేలసార్లు చేయి అటునిటు తిరుగవలెను. తల్లి లక్ష్మి భుజము నొప్పిని చూడలేక ఆయన యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. తొమ్మిది వేలసార్లు తిరుగు చేతికి భుజము దింపుకొమ్మని సలహా చెప్పుట కంటె ఆ యంత్రము వేయిరెట్లు ఉపకారము. అయితే పలక దెబ్బకు, చెక్క తొక్కుటకు అట్టి యంత్రము పెట్టినచో అది చేమగ్గము గాక మరమగ్గమగును. కనుక మిగిలిన పనిని దేహమే మోయవలెను.

దీనివలన నొప్పులన్నియు పోవునని నేను చెప్పను. పరీక్షించి చూచినవారి మాట చెప్పెదను. 2012లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున వణుకుజబ్బు గల 195 మందిని తీసికొని, కొందరికి ఆరు నెలలపాటు వారమునకు రెండుసార్లు తాయ్ చీ నేర్పిరి. వారికి నిలకడ పెరిగి, కేవలము ఒళ్లు సాగదీయు వ్యాయామము చేసినవారి కంటె పడిపోవుట తగ్గెను. 2016లో బోస్టనులో మోకాలి కీళ్లు అరిగిన 204 మందిపై జరిగిన పరీక్షలో, పన్నెండు వారములు తాయ్ చీ చేసినవారికి, వైద్యశాలలో ఫిజియోథెరపీ పొందినవారితో సమానముగా నొప్పి తగ్గెను. వీరిలో ఎవరును నేతగాండ్రు కారు. మోకాళ్లు మాత్రము మోకాళ్లే.

ఇక చేయు విధము. 24 కదలికల వరుస గురువు లేక రాదు. మేము చేయునవి మూడే. మొదటిది నిలుచుట: పాదములు భుజములంత ఎడముగా, వ్రేళ్లు ముందుకు, మోకాళ్లు కొంచెము సడలించి, చేతులు వదలి, ముక్కుతో పొట్టలోనికి ఊపిరి తీయుచు ఐదు నిమిషములు. తరువాత బరువు మార్చుట: ఎడమపాదమును సులువుగా ఎత్తగలిగినంతవరకు మెల్లగా కుడికాలి మీదకు రావలెను, పిమ్మట ఎడమకు; పదిసార్లు. మోకాలు పాదపు వ్రేళ్ల దిక్కుననే వంగవలెను, వ్రేళ్లను దాటి పోకూడదు, మెలిపడకూడదు. మూడవది దారము తీయుట: ఎడమచేయి నడుము మీద ఉంచి, కుడిచేతిని బొడ్డు వద్దనుండి ఎదుటికి, పైకి, భుజమెత్తున కుడివైపునకు, అక్కడనుండి క్రిందికి గుండ్రముగా త్రిప్పి మరల బొడ్డు వద్దకు తేవలెను. నడుము ముందు తిరుగవలెను, చేయి దాని వెంట రావలెను. పదిసార్లయిన పిమ్మట చేయి మార్చవలెను. తల తిరుగువారు గోడ దగ్గర నిలువవలెను. మోకాళ్లకు వాపు ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను.

మన ప్రాంతమున వ్యాయామమనగా తాలీము, దండలు, బస్కీలు. చెమట కారనిది వ్యాయామమే కాదని పెద్దల మాట. అందుచే మొదటి దినమున మా పెద్ద నేతగాడొకడు, "ఏంది సెక్రటరీ సాబ్, పొద్దంతా మగ్గం తొక్కినంక మల్ల ఈడ నిలబడుడేంది?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. మగ్గము మీద అలసినది దేహమంతయు కాదు. భుజము, నడుము, మెడ అలసినవి, తక్కినవి ముడుచుకొని ఊరకున్నవి. ఊరకున్నవానిని పనిలో పెట్టి, అలసినవానిని దింపుటయే ఈ నిలుచుట. ఆయన పదిహేను దినములు వచ్చెను, నాట్ల కాలమున మానెను, మరల వచ్చుచున్నాడు.

మరియొక సంగతి. 2019–20 చేనేత గణన ప్రకారము దేశమున ఉన్న 35 లక్షల చేనేత పనివారిలో నూటికి డెబ్బదికి పైగా స్త్రీలే. నేల మీద కూర్చుండి రాట్నము త్రిప్పు వారి నడుమును గూర్చి ఎవరును అడుగరు. కనుక ఏర్పాటు రెండు విధములుగా చేసినాము. మగ్గములు ఆపిన తరువాత సాయంత్రము ఆరున్నరకు సంఘపు షెడ్డు ముందర మగవారికి, మధ్యాహ్నము రెండు గంటలకు షెడ్డు లోపల ఆడవారికి. వాన వచ్చినచో అందరికిని లోపలనే. రుసుము లేదు. ఉమ్రి, ధర్మాబాదు వైపు సభ్యులు రైలు వేళ చూచుకొని రావచ్చును. పావుగంట ఆలస్యమైనను ఆగి యుందుము.