మీకు తెలుసా? తాతగారి కొలువు జనగణనలో దొరకదు

1959లో ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయిలో, పవర్ హౌస్ అనే ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగువాళ్లు తాతగారి వృత్తిని 1961 జనాభా లెక్కల్లో వెతుకుదామంటే కుదరదు. 1948 సెన్సస్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు. బ్రిటన్‌లో అయితే 100 ఏళ్లకు తెరుస్తారు.

మనకు దిక్కు ఇంట్లో దాచిన సర్వీసు కాగితాలు, పిల్లల బడి రికార్డులే. అసలు చిక్కు వాటిలోని హిందీ చేతిరాతతో. పాత రాతలో 'ఖ' అక్షరం 'ర', 'వ' పక్కపక్కన రాసినట్టే ఉంటుంది. 'రవలాసీ' అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఖలాసీ: బరువైన సామాను ఎత్తి జరిపే పనివాడు. 'రెజా' అంటే కట్టడం పనుల్లో మట్టీ ఇటుకా మోసే ఆడకూలీ. నాయనమ్మ పేరు పక్కన ఆ మాట ఉంటే, వంశవృక్షంలో తప్పకుండా ఎక్కించండి.