ఇంటి బడికి సెలవులు ఎప్పుడు?

పిల్లలూ, మే నెల వచ్చేసింది. మీ వీధిలోకి పసుపుపచ్చ స్కూలు బస్సు ఇంకొన్ని రోజులే వస్తుంది. బడికి వెళ్లే మీ స్నేహితులకి ఆఖరి రోజు ఏ తారీఖో ముందే తెలుసు. కానీ మీలో కొందరు ఇంట్లోనే చదువుకుంటున్నారు. వంటగది పక్కనున్న బల్లే మీ తరగతి, అమ్మో నాన్నో మీ టీచరు. మరి మీ బడి ఎప్పుడు అయిపోతుంది? ఆఖరి గంట ఎవరు కొడతారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక్కో చోట ఒక్కో లెక్క

అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ ఇంట్లో చదువుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ నియమాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. పెన్సిల్వేనియాలో ఏడాదికి 180 రోజులు, లేదంటే చిన్న తరగతుల పిల్లలకి 900 గంటలు చదువు జరగాలి. చదివిన పుస్తకాల జాబితా రాసుకోవాలి. పిల్లలు చేసిన పనిలో కొంత ఫోల్డరులో దాచాలి. ఏడాది చివర అర్హత ఉన్నవాళ్లు ఒకరు ఆ ఫోల్డరు చూసి, పిల్లలతో మాట్లాడి, చదువు బాగానే సాగిందని రాసిస్తారు. ఆ కాగితం జూన్ 30 లోపు అధికారులకి ఇవ్వాలి. టెక్సస్‌లో అయితే ఇలాంటి కాగితాలు పంపక్కర్లేదు. చదువు మాత్రం నిజంగా జరగాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో మీ అక్కలకీ బావలకీ ఏప్రిల్ చివర్లోనే సెలవులు ఇచ్చేస్తారు. అప్పటికే ఎండలు మండిపోతుంటాయి కదా! జూన్ రెండో వారంలో బడులు మళ్లీ తెరుస్తారు. దక్షిణాఫ్రికాలో బడులకి జనవరిలో మొదలైన ఏడాది డిసెంబరులో ముగుస్తుంది. అక్కడ వేసవి అప్పుడే వస్తుంది మరి.

పుస్తకం పూర్తి కాకపోతే?

కంగారు పడకండి. నాలుగు పాఠాలు మిగిలాయని రెండు రోజుల్లో గబగబా ముగిస్తే అవి గుర్తుండవు. వాటి మీద పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచండి. సెలవుల తర్వాత అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఇంటి బడిలో ఉన్న సుఖమే అది. ఆఖరి వారం కొత్త పాఠాలకి కాదు, నేర్చుకున్నది గట్టి చేసుకోవడానికి.

ఎందుకు మరిచిపోతాం?

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన అర్థం లేని చిన్న చిన్న మాటలు కంఠతా పట్టి, కొంతసేపయ్యాక ఎన్ని గుర్తున్నాయో తన మీద తానే పరీక్ష చేసుకున్నారు. ఆ సంగతులు 1885లో పుస్తకంగా వేశారు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే చాలా మరిచిపోతామట. తర్వాత మరిచిపోవడం నెమ్మదిస్తుందట. మరిచిపోయినదాన్ని మళ్లీ నేర్చుకుంటే, మొదటిసారి కన్నా తక్కువ సమయం చాలట! అంతా ఒకే రోజు బట్టీ పట్టడం కంటే, కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెం చదవడం మేలని కూడా ఆయన గమనించారు.

ఇప్పుడు మన తెలుగు సంగతి చూద్దాం. సెలవుల్లో ఇంగ్లీషు ఎక్కడికీ పోదు. దుకాణం బోర్డు మీద, పాల డబ్బా మీద, పార్కులో అంతటా అదే. తెలుగు మాత్రం మీ ఇంట్లోనే ఉంది. అక్కడ కూడా ఆపేస్తే ఇంకెక్కడా వినపడదు.

ఫోన్‌లో అమ్మమ్మ ఏదో అడుగుతుంది. మీకు అర్థమవుతుంది కానీ జవాబు తెలుగులో రాదు. అప్పుడు అమ్మమ్మ నవ్వేసి, "తిన్నావా? బాగున్నావా?" అని మాత్రమే అడుగుతుంది. ఇంకేమైనా అడిగితే మీరు ఇబ్బంది పడతారని ఆవిడ భయం. మీ దగ్గర మాటలు ఉంటేనే కదా, ఆవిడ తన చిన్నప్పటి కబుర్లు చెప్పేది!

ఆఖరి వారం ఇలా చేయండి

1. మొదటి నెల నోటుబుక్కు, ఈ నెల నోటుబుక్కు పక్కపక్కన పెట్టి చూడండి. ఏం మారింది?
2. మీరు తికమకపడే అక్షరాలు ఒక కాగితం మీద రాయండి. ఉదాహరణకి ద, ధ, థ. ద కింద చిన్న గీత వస్తే ధ. ఆ ధ లోపల చుక్క పెడితే థ.
3. మీకు నచ్చిన అయిదు పేజీలు ఎంచుకుని, తారీఖు వేసి ఫోల్డరులో పెట్టండి.
4. వాటిలో ఒకటి ఫోన్‌లో అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి.

సెలవుల్లో రోజుకి పది నిమిషాలు

కూరగాయల జాబితా తెలుగులో రాయండి: ఉల్లిపాయలు, కొత్తిమీర, పెరుగు. చెల్లికో తమ్ముడికో ఒక కథ చెప్పండి. వారానికోసారి అమ్మమ్మని ఒక కొత్త ప్రశ్న అడగండి. "మీ ఊళ్లో ఆవకాయ ఎప్పుడు పెట్టేవారు?" అని అడిగి చూడండి. జవాబులో మీకు తెలియని మాట ఒకటైనా వస్తుంది. దాన్ని నోటుబుక్కులో రాసుకోండి.

మీరు చెప్పండి

అ. పెన్సిల్వేనియాలో ఫోల్డరు ఎందుకు దాచుకోవాలి?
ఆ. మరిచిపోయిన పాఠం మళ్లీ నేర్చుకోవడం ఎందుకు సులువు?
ఇ. ఈ వారం మీరు అమ్మమ్మనో తాతయ్యనో అడగబోయే ప్రశ్న ఏమిటి? ఒక వాక్యం రాయండి.