మడమ ఎముక విరిగితే: ఆపరేషన్, ఆ తర్వాత ఓపిక

"సిస్టరమ్మా, వచ్చి ఎనిమిది రోజులైంది. ఇంకా ఆపరేషన్ చెయ్యరేం?" తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుడి భార్య అడిగిన మాట ఇది. మడమ విరిగినవారి ఇంటివాళ్ళు చాలామంది ఇదే అడుగుతారు. ఆమెకు చెప్పిన జవాబే మన పాఠకులకూ చెబుతున్నాను.

ఎలా విరుగుతుంది?

పాదం వెనుక భాగంలోని ఎముకల్లో మడమ ఎముక అన్నిటికంటే పెద్దది. పైన పలుచని పెంకు, లోపల స్పాంజి వంటి ఎముక ఉంటాయి. ఎత్తు నుంచి కాళ్ళ మీద పడినప్పుడు ఒంటి బరువంతా దానిపై పడి అది నలిగిపోతుంది. చెట్లెక్కేవారికి, పరంజా మీద పనిచేసే తాపీ పనివారికి, రంగులు వేసేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. సుమారు 10 మందిలో ఒకరికి వెన్నుపూస కూడా విరిగి ఉండవచ్చు. కాబట్టి నడుము నొప్పి ఉంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. రెండో కాలు కూడా చూపించండి.

దెబ్బ తగిలిన వెంటనే తైలంతో మర్దన చేయవద్దు. బిగువుగా నాటు కట్టు కట్టించవద్దు. కాలి కింద దిండు పెట్టి, కదలకుండా ఆస్పత్రికి తీసుకురండి.

ఎందుకు ఆగుతారు?

మడమ చుట్టూ చర్మం పలుచన. వాపు మీద కోస్తే గాయం మానదు, చీము పట్టవచ్చు. అందుకే కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి ఉంచుతాం. వాపు తీసి చర్మం మీద సన్నని ముడతలు కనిపించినప్పుడే ఆపరేషన్. దీనికి సాధారణంగా ఒకటి, రెండు వారాలు పడుతుంది. ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చినా, విరిగిన ముక్క లోపలి నుంచి చర్మాన్ని నొక్కుతున్నా మాత్రం ఆగరు, వెంటనే చేస్తారు.

అందరికీ ఆపరేషన్ అవసరమా?

లేదు. ఎముక పక్కకు జరగకపోతే కట్టు, విశ్రాంతి చాలు. 2014లో బ్రిటన్‌లో 151 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు వచ్చాయి. కీలు వరకు విరిగి, ఎముక జరిగిన వారిలో రెండేళ్ళ తర్వాత చూస్తే ఆపరేషన్ చేసినవారికీ చేయనివారికీ నొప్పిలో, నడకలో పెద్ద తేడా కనబడలేదు. అయితే ఎముక బాగా వంకరపోయినవారిని అందులో చేర్చలేదు. కనుక ఎక్స్-రే, సి.టి. స్కాన్ చూసి, మీ వయసు, పని, షుగర్ అన్నీ ఆలోచించి డాక్టరుగారు నిర్ణయిస్తారు. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవారికి గాయం మానడం కష్టం. ఆ రోజు నుంచే మానేయాలి.

ఆపరేషన్‌లో ముక్కలను సరిచేసి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. కొందరికి చిన్న కోతతోనే సరిపోతుంది.

ఇంటికి వెళ్ళాక

• రెండు, మూడు వారాలకు కుట్లు తీస్తారు. అంతవరకు గాయం తడవకూడదు.
• డాక్టరుగారు చెప్పేవరకు ఆ కాలు నేల మీద మోపవద్దు. ఇది 6 నుంచి 12 వారాలు. వాకర్ వాడండి. మరుగుదొడ్డిలో కుర్చీ ఏర్పాటు చేసుకోండి.
• చెప్పిన రోజు నుంచి వేళ్ళు, చీలమండ కదిలించండి.
• జ్వరం, చీము, పిక్క వాపు ఉంటే వెంటనే రండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు.

బరువు పనులకు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. గట్ల మీద, రాళ్ళ మీద నడక కష్టంగానే ఉండవచ్చు. కొందరికి ఆ కీలులో నొప్పి మిగిలి, తర్వాత మరో ఆపరేషన్ అవసరమవుతుంది. ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

చివరకు ఆమె, "మూడు నెలలు పనికి పోకపోతే ఇల్లెట్లా గడుస్తుందమ్మా?" అంది. దీనికి నా దగ్గర మందు లేదు. ఇల్లు గడవకే చాలామంది తొందరపడి కాలు మోపుతారు, బిగించిన ఎముక మళ్ళీ జారుతుంది. మీ వీధిలో అలాంటివారుంటే "ఇంకా లేవలేదా?" అని అడగకండి. వారానికి సరిపడా బియ్యం ఇచ్చి రండి, పిల్లలను బడికి దింపండి. ఆ కాలు బాగుపడటానికి అది కూడా వైద్యమే.