వానొస్తే ఆర్‌సీసీబీ పడిపోతోందా? తీసేయించకండి.. వైరింగ్‌లో లోపాన్ని ఇలా పట్టుకోండి

వర్షాకాలంలో చాలా ఇళ్లలో ఇదే తంతు. నాలుగు చినుకులు పడగానే ఇంట్లో కరెంటు పోతుంది. పక్కింట్లో మాత్రం ఉంటుంది. బోర్డు తెరిచి చూస్తే ఆర్‌సీసీబీ ట్రిప్ అయి ఉంటుంది. ఎత్తితే మళ్లీ పడుతుంది. విసుగొచ్చి కొందరు దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపించేసుకుంటారు. ఇక కరెంటు పోదు, నిజమే. లీకేజీ మాత్రం గోడలోనో గీజర్‌లోనో అలాగే ఉండిపోతుంది. దాని సంగతి చెప్పేవాళ్లే ఇక ఉండరు.

ఎంసీబీ ఉంది కదా, చాలదా?

చాలదు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. లోడు ఎక్కువైతేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో అది పడుతుంది. తడి చేత్తో లీకేజీ ఉన్న గీజర్‌ను ముట్టుకుంటే ఒంట్లోంచి పోయే కరెంటు ఒక ఆంపియర్‌లో చిన్న భాగమే. ప్రాణం పోవడానికి అది చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది లెక్కే కాదు.

ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగొస్తోందా అని అది చూస్తుంటుంది. ఇళ్లకు వాడే రకంలో ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపే సరఫరా ఆపేస్తుంది.

లోపం మీ వైపా, డిస్కం వైపా?

ముందు ఇది తేల్చుకోండి. మీటరు డిస్‌ప్లే వెలగకపోయినా, పక్కిళ్లలో కూడా కరెంటు లేకపోయినా సమస్య బయటే. 1912కు ఫోన్ చేయండి. కొన్ని లైట్లు బాగా ఎక్కువగా, కొన్ని మరీ మందంగా వెలుగుతుంటే న్యూట్రల్ వదులై ఉండొచ్చు. వెంటనే మెయిన్ ఆపి 1912కు చెప్పండి. సర్వీసు వైరును, మీటరు సీలును మీరు ముట్టుకోవద్దు. మీటరు దాటాక ఉన్న వైరింగ్ బాధ్యత మాత్రం ఇంటివాళ్లదే.

మీరే చేయగల పరీక్ష

చేతులు పొడిగా ఉండాలి, కాళ్లకు చెప్పులు ఉండాలి. కాలిన వాసన వచ్చినా, నిప్పురవ్వలు కనిపించినా, బోర్డు తడిసినా దాని జోలికి వెళ్లకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

1. ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్చులన్నీ ఆపండి.
2. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీని ఎత్తండి.
3. అది నిలబడితే ఎంసీబీలను ఒక్కొక్కటిగా వేయండి. ఏది వేయగానే ఆర్‌సీసీబీ పడిందో ఆ లైన్‌ను అనుమానించాలి. దాన్ని దించే ఉంచండి.
4. అన్నీ వేసినా నిలబడితే పరికరాలను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. గీజర్, వాషింగ్ మెషీన్, నీళ్ల మోటారు, తడిసిన బాల్కనీ లైటు ముందు చూడాల్సినవి.

ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే? మామూలు ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ వైరు ఎక్కడో ఎర్త్‌కు తగులుతుంటే ఈ పరీక్షలో దొరకదు. ఆర్‌సీసీబీయే పాడై ఉండే అవకాశమూ ఉంది. ఇక మిగతాది ఎలక్ట్రీషియన్ పని. కొత్తగా ఇన్వర్టర్ పెట్టించాకే ఈ గొడవ మొదలైతే ఆ మాట ఆయనకు తప్పక చెప్పండి. రెండు లైన్ల న్యూట్రల్ కలిసిపోయినా ఆర్‌సీసీబీ పడుతుంది.

మెగ్గర్ అడగండి

టెస్టర్ వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవద్దు. మల్టీమీటర్ కూడా ఇక్కడ సరిపోదు. అది కొద్ది వోల్టుల బ్యాటరీతో కొలుస్తుంది. చెమ్మగిల్లిన ఇన్సులేషన్ అంత తక్కువ వోల్టేజీకి బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకే మెగ్గర్ కావాలి. ఇంటి వైరింగ్‌కు దాన్ని 500 వోల్టుల డీసీలో పెట్టి ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, ఫేజ్-న్యూట్రల్ మధ్య కొలుస్తారు. రీడింగ్ కనీసం 1 మెగోమ్ ఉండాలి. మంచి వైరింగ్‌లో అంతకు చాలా ఎక్కువే వస్తుంది. అంతకు తగ్గితే ఆ లైన్‌ను ముక్కలుగా విడదీసి, జంక్షన్ బాక్సు నుంచి జంక్షన్ బాక్సుకు కొలుస్తూ వెళ్తే చెడిన చోటు బయటపడుతుంది. దాంతో గోడ మొత్తం పగలగొట్టే పని తప్పుతుంది.

ఈ పరీక్షకు ముందు మెయిన్ ఆపాలి. టీవీ, ఇన్వర్టర్, ఎల్ఈడీ లైట్లను లైన్ నుంచి తప్పించాలి. లేకపోతే 500 వోల్టులకు అవి పాడైపోవచ్చు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

నెలకోసారి ఒక్క బటన్

ఆర్‌సీసీబీ మీద 'టీ' అని ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. వెంటనే పడాలి. పడకపోతే మార్పించండి. ఈ బటన్ ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో మాత్రమే చెబుతుంది. ఎర్తింగ్‌ను విడిగా పరీక్షించాల్సిందే.

అద్దె ఇల్లయితే చేరేముందే బోర్డు తెరిపించి ఆర్‌సీసీబీ ఉందా, దాన్ని తప్పించి వైర్లు కలిపారా అని చూపించుకోండి. మెగ్గర్ రీడింగులను లైన్లవారీగా తేదీతో రాయించి బోర్డు తలుపు లోపల అంటించండి. వచ్చే ఏడాది మళ్లీ కొలిపించినప్పుడు ఏ లైన్ అంకె బాగా పడిపోయిందో, మరమ్మతు అక్కడే మొదలుపెట్టించండి.