గెలవాలంటే లెక్క రావాలి

బెంగళూరులో ‘నలి-కలి’ నడిచే సర్కారు కన్నడ బడి గదిలో గోడకి ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. మెట్టుమెట్టుకీ చిన్న గుర్తులు, ఆ గుర్తులే అచ్చయిన కార్డులు పక్కన. పిల్లాడు తానున్న మెట్టు చూసుకుని, తన కార్డు తీసుకుని, ఆ పని చేసే గుంపులో పోయి కూర్చుంటాడు. నలి అంటే కన్నడంలో ఆనందించు, కలి అంటే నేర్చుకో. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో మొదలై, 2009-10లో రాష్ట్రమంతటా ఒకటి, రెండు తరగతులకి చేరిన పద్ధతి ఇది. పుట్టిల్లు మాత్రం మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. చుట్టుపక్కల పల్లెల చిన్న బళ్ళ కోసం పద్మనాభరావు, రమ అక్కడ తెలుగులో తయారుచేసిన కార్డుల పెట్టెను చూసొచ్చిన కోటె టీచర్లు దాన్ని తమ భాషలోకి మార్చుకున్నారు. ఈ నిచ్చెనకి పాములు లేవు. పండక్కో కోతలకో ఊరెళ్ళిన కూలీల బిడ్డ మూడు వారాలకి తిరిగొచ్చినా, ఆగిన మెట్టు మీదే అతని కార్డు ఉంటుంది. వీడియో గేముల్లో ‘లెవెల్’ అంటారే, అదే ఇది, మోతా మెరుపులూ లేకుండా.

పాఠంలో ఆట అనగానే మనవాళ్ళు రెండు జట్లయిపోతారు. పిల్లలకి హాయిగా ఉంటుందని ఒక జట్టు, చదువుకోమని పంపితే ఆడిస్తున్నారని ఇంకో జట్టు. రెండూ సరదా చుట్టూనే తిరుగుతాయి. అడగాల్సింది వేరే ఉంది: పావు కదపాలంటే పిల్లాడి బుర్ర ఏ పని చేయాలి? ఆ పనే పాఠమైతే ఆట పనికొస్తుంది. కాకపోతే అది విరామం. విరామం మంచిదే, దానికి వేరే పీరియడుంది.

అమెరికాలో పేదింటి పిల్లల ప్రీస్కూళ్ళలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ చేసి 2008లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒకే వరుసలో పది గడులు. కొందరికి గడుల్లో 1 నుంచి 10 అంకెలు, మిగతావాళ్ళకి రంగులు. రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున. అంతా కలిపితే గంట. అంకెల మీద ఆడినవాళ్ళు ఏది పెద్దదో, ఏది ఎక్కడుంటుందో పట్టుకున్నారు, తొమ్మిది వారాల తర్వాతా మరచిపోలేదు. రంగుల వాళ్ళూ అంతసేపే ఆడారు, లెక్క మాత్రం రాలేదు. ఎలిడా లాస్కీతో కలిసి సీగ్లర్ 2014లో ఇంకాస్త లోతుకెళ్ళాడు. ఈసారి పటం పెద్దది. పావు 23లో ఉంది, మూడు పడింది. ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ జరిపిన పిల్లలకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. ‘ఇరవైనాలుగు, ఇరవైఐదు, ఇరవైఆరు’ అని గడిలో అంకె చదువుతూ జరిపినవాళ్ళు నేర్చుకున్నారు. రెండు గుంపులకీ పటం ఒకటే, నోట్లో మాట మారింది. మన వైకుంఠపాళిలో ఇంకో చిక్కుంది: వరుసవరుసకీ దిక్కు మారుతుంది, 20 నెత్తిన 21 కూర్చుంటుంది. లెక్కల క్లాసుకైతే ప్రతి వరుసనీ ఎడమ నుంచే రాసుకోవడం మేలు. అప్పుడు 23 పైన 33, ఆపైన 43; పది కలపడమేమిటో కంటికే తెలుస్తుంది.

ఆడించి వదిలేస్తే పాఠం దానంతటదే వస్తుందనుకునేవాళ్ళు ఢిల్లీ సంగతి వినాలి. ప్రథమ్ సంస్థ బాలవాడీల్లో 1,540 మంది పిల్లలతో మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. నాలుగు నెలలు గణితపు ఆటలాడిన పిల్లల్లో, ఏ గుంపులో చుక్కలెక్కువో చూపుతోనే అంచనా కట్టే నేర్పు ఏడాది తర్వాతా నిలిచింది. ఒకటో తరగతి లెక్కల దగ్గరికొచ్చేసరికి తేడా లేదు. దీన్ని ఆటలకి వ్యతిరేక సాక్ష్యంగా చూపేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. ఏది ఆడించారో అదే వచ్చింది. ఆటని పలక దాకా ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి.

బెంగళూరు చదువుల యాప్‌లకీ రాజధానే. కోరమంగళ, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ ఆఫీసుల్లో ‘గేమిఫికేషన్’ పేరుతో తయారయ్యేది చాలాసార్లు పాత ప్రశ్నాపత్రమే: సరైన జవాబుకి ఒక నాణెం, వరసగా వారం తెరిస్తే ఒక బ్యాడ్జి. లెక్కకీ ఆ నాణేనికీ చుట్టరికం లేదు. పైగా బహుమతి ఆశ ఉన్న ఇష్టాన్నీ తగ్గించగలదు. 1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలకి సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించింది. తర్వాత వాళ్ళంతట వాళ్ళు గీయడం తగ్గిపోయింది. చాక్లెట్ ఆశపెట్టి అన్నం తినిపించే తల్లికి ఈ సంగతి ఏ ప్రయోగం లేకుండానే తెలుసు.

టీచర్ల అభ్యంతరం వీటన్నిటికంటే బలమైనది. ఒకే గదిలో మూడు తరగతులు, అయిదు గుంపులు, ఒక్కరే టీచరు. అలాంటిచోట కార్డులు కూడా పూర్తిచేయాల్సిన మరో సిలబస్ అయిపోతాయి. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ‘జాదుయీ పిటారా’ పేరుతో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఆటబొమ్మల పెట్టె తెచ్చింది. పెట్టె పంపడం తేలిక. పావు జరుపుతున్న పిల్లాడు ‘ఒకటి, రెండు’ అంటున్నాడో ‘ఇరవైనాలుగు’ అంటున్నాడో పక్కన నిలబడి వినే మనిషిని ఇవ్వడమే కష్టం. అందుకే నా ఓటు వంద ఆటలకి కాదు, టీచరుకి లోతుపాతులు తెలిసిన నాలుగైదింటికి. సిలబస్ వెనకబడుతుందన్న భయానికీ జవాబు అందులోనే ఉంది. పదో తరగతి సంభావ్యత పాఠానికి అష్టాచమ్మా గవ్వలు నాలుగు చాలు. కన్నడ పిల్లలకి అదే చౌకాబారా. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ నాణెంలా పడుతుందనుకుంటే వచ్చే తీర్లు పదహారు. అందులో రెండు వెల్లకిలా పడేవి ఆరు, అష్టా ఒక్కటే. కానీ గవ్వకి వీపు ఉబ్బెత్తు, పొట్ట చదును. నూరుసార్లు వేసి నోటుబుక్కులో గీతలు పెడితే, పుస్తకం లెక్కకీ గుప్పిట్లో గవ్వలకీ ఎంత ఎడముందో పిల్లలే వాదించుకుంటారు. గది గోలగోలగా ఉంటుంది, హెడ్మాస్టరు తొంగిచూస్తారు కూడా.