తుపాకి లైసెన్సు – రాష్ట్రపు పొలిమేర

ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సు పొందవలెనా, పొందినచో దానిని పొరుగు రాష్ట్రమునందు గూడ చెల్లునట్లు చేయించుకొనవలెనా యనునది నేటి ప్రసంగవిషయము. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పంతులునకు తుపాకులతో నేమి పని యని మీలో కొందఱు నవ్వవచ్చును. కాని లైసెన్సు అనునది ముందుగా నొక వ్రాతపత్రము. అందలి ప్రతి పదమునకును అర్థము కలదు. పదముల యర్థము చెప్పుట నా వృత్తియే గదా.

ఆయుధమునకు అనుమతి యవసరమనుట మనకు క్రొత్త గాదు. రాజముద్రతో అనుమతి పొందినవారు తప్ప తక్కిన భటులు శస్త్రములు ధరించి తిరుగరాదని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. తరువాత 1878లో లిట్టను ప్రభువు కాలమున బ్రిటిషు ఇండియాకు ఆయుధముల చట్టము వచ్చినది. అందు ఐరోపీయులకు మినహాయింపు, మనకు నిర్బంధము. స్వాతంత్ర్యానంతరము ఆ భేదము తొలగినది. ఇప్పుడు నడచుచున్నది 1959వ సంవత్సరపు చట్టము. అది 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. దాని క్రింది నియమములు 2016లో తిరిగి వ్రాయబడినవి.

అమెరికాలో ఆయుధధారణము 1791 నుండి రాజ్యాంగమున చేరిన హక్కు. అచ్చటనున్న మన బిడ్డలు ఫోనులో చెప్పు మాటలు విని, ఇచ్చటను అట్లే యనుకొనువారు కలరు. మన దేశమున అది హక్కు గాదు, అనుమతి. అధికారి పోలీసు విచారణ జరిపించి, కారణము చాలునని తోచిన నిచ్చును, లేనిచో నిరాకరించును. నిరాకరించినపుడు అప్పీలు చేసికొను మార్గము మాత్రము చట్టమే చూపినది.

ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి లైసెన్సు లేదు. ఆయుధమును వాడుటయందు శిక్షణ పొందవలెను. ఇంట దానిని భద్రముగా దాచెదనని పూచీ వ్రాసి యీయవలెను. 2019లో చట్టము సవరింపబడినది. అంతకుముందు ఒక్కొక్కరు మూడు తుపాకులు ఉంచుకొనవచ్చును, ఇప్పుడు రెండే. మూడేండ్ల గడువు అయిదేండ్లైనది. పెండ్లి ఊరేగింపులలో సంబరమునకై గాలిలోనికి కాల్చి యితరుల ప్రాణమునకు అపాయము కలిగించువానికి రెండేండ్ల వఱకు ఖైదు గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని అదే సవరణ చెప్పుచున్నది.

బహిరంగస్థలమున పిస్తోలును తగిన తొడుగులో నుంచి పూర్తిగా కప్పి పట్టుకొనిపోవలెను. బయటికి తీసి ఝళిపింపరాదు. తిరునాళ్లకును, మతోత్సవపు ఊరేగింపులకును, సభలకును, విద్యాలయముల ఆవరణలోనికిని తీసికొనిపోరాదు. ఎన్నికల వేళ పోలీసువారు అడిగినపుడు అప్పగింపవలెను.

ఇక పొలిమేర ప్రశ్న. ప్రతి లైసెన్సునందును అది యెంతమేర చెల్లునో వ్రాసియుండును. జిల్లా యనియుండవచ్చు, రాష్ట్రమనియుండవచ్చు, దేశమంతయు ననియు నుండవచ్చు. జూబిలీహిల్సు, ఫిల్మునగరు వాసులకు లైసెన్సు నిచ్చు అధికారి హైదరాబాదు పోలీసు కమిషనరు. సాధారణముగా జిల్లాలలో ఆ యధికారము కలెక్టరుగారిది. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము హైదరాబాదు, తెనాలి, కర్నూలు, అనంతపురము ఒకే రాష్ట్రమున నుండెను. నాటి నుండి రాష్ట్రములు రెండైనవి. తెలంగాణమునకు మాత్రమే చెల్లు లైసెన్సుతో కారులో తుపాకి పెట్టుకొని కోదాడ దాటి ఆంధ్రప్రదేశములో నడుగిడినవాడు, తాను పుట్టిన యూరికే పోవుచున్నను, చట్టము తప్పినవాడే యగును.

చిత్రపరిశ్రమవారికి ఈ చిక్కు ఎక్కువ. కాపురము ఫిల్మునగరున, పొలము కృష్ణాతీరమున, షూటింగులు నాలుగు రాష్ట్రములలో. నా పూర్వశిష్యుడొకడు చిత్రనిర్మాత. ఋణవ్యవహారమున నతనికి బెదరింపు ఫోనులు వచ్చుచుండెను. వృద్ధురాలైన తల్లి తెనాలి ప్రాంతమున నొంటరిగా నున్నది. "మాస్టరుగారూ, దేశమంతట చెల్లు లైసెన్సును వేఱొక రాష్ట్రమునుండి నెలలో తెప్పించెదనని యొకడు చెప్పుచున్నాడు. డబ్బు కట్టుమందురా?" అని యడిగెను.

"వలదు నాయనా" అంటిని. లైసెన్సును నివాసమున్నచోటి అధికారినే కోరవలెను. లేని నివాసమును ఉన్నట్లు చూపి తెచ్చుకొన్న పత్రము, తప్పుడు సమాచారముచే పొందినదగుటచే, రద్దగుటకు తగియున్నది. 2012 నుండి 2016 వఱకు జమ్మూకాశ్మీరమున స్థానికులు కానివారికి పెక్కు లైసెన్సులు అక్రమముగా నిచ్చిరన్న ఆరోపణపై కేంద్ర నేరపరిశోధన సంస్థ విచారణ చేపట్టినది. సందేహమునకు గుఱియైన లైసెన్సులు 2.7 లక్షలకు పైగా నున్నట్లు ఆ సంస్థ ప్రకటించెను. ఫోనులో బెదరించువాడు ఎవడో తెలియదు; దొంగపత్రము మాత్రము మన పేరనే యుండును. పొరుగు రాష్ట్రమున నిజముగా అవసరమున్నచో, లైసెన్సు నిచ్చిన యధికారికే కారణము చూపి చెల్లుబాటు ప్రాంతమును విస్తరింపుమని దరఖాస్తు చేసికొనుట సరియైన త్రోవ. అది దొరకదేని, ప్రయాణమునకు ముందు తుపాకిని భద్రపఱచి పోవలెను. లైసెన్సుగల ఆయుధవర్తకునియొద్ద దాచి పోవచ్చును. పాండవులంతటివారు విరాటుని నగరము ప్రవేశించుటకు ముందు ఆయుధములను జమ్మిచెట్టుపై నుంచి పోయిరి గదా.

అసలు తుపాకి మనలను కాపాడునా? 1997 నవంబరు 19వ తేదీన ఫిల్మునగరు దారిలో, రామానాయుడు స్టూడియో సమీపమున, పరిటాల రవీంద్రగారిని చంపుటకై కారులో బాంబు పేల్చిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో వార్తలకై వచ్చిన వార్తాసంస్థ ఉద్యోగులును ఉండిరి. ఆ బాంబునకు ఏ తుపాకియు అడ్డుపడలేదు. రవీంద్రగారు 2005 జనవరి 24వ తేదీన అనంతపురమున కాల్పులలో మరణించిరి. ఆయనకు సాయుధరక్షకులు లేకపోలేదు. 2004 జూన్‌లో జూబిలీహిల్సున నొక నటుని యింట జరిగిన కాల్పులలో గాయపడినవా రిరువురును దొంగలు గారు, పరిచితులే. 2021 అక్టోబరులో అమెరికాయందలి న్యూమెక్సికోలో షూటింగునకు తెచ్చిన తుపాకిలో నిజమైన తూటా యుండుటచే ఛాయాగ్రాహకురా లొకతె మరణించెను. తెరపై తుపాకి దర్శకుడు చెప్పినపుడే ప్రేలును. ఇంటిలోని తుపాకి అట్లు చెప్పినమాట వినదు.

అయినను తుపాకి యెవరికిని వలదని నేను చెప్పను. ఆత్మరక్షణ హక్కును చట్టమే యొప్పుకొన్నది. 2023వ సంవత్సరపు భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు దానిని గూర్చినవే. కాని రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని అచ్చటనే హద్దు గీయబడినది. అర్ధరాత్రి నిద్రనుండి లేచినవానికి ఆ హద్దు కనబడుట కష్టము.

కావున దరఖాస్తు వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మొదటిది: నాకున్న భయము తుపాకితో తీరునదా? బాకీవలన వచ్చిన బెదరింపునకు పోలీసు ఫిర్యాదును, వ్రాతమూలకమైన పరిష్కారమును ముందుమందులు. రెండవది: ఇంట పిల్లలు, కోపిష్ఠులు, త్రాగువారు, మనోవ్యాకులతతో నున్నవారు కలరా? ఉన్నచో ఆ యింట తుపాకి శత్రువుకంటె ముందు మనవారికే అపాయము. మూడవది: ఆపద యెచ్చట నున్నది? హైదరాబాదులో కొడుకు నడుమునకు కట్టుకొన్న పిస్తోలు తెనాలిలోని తల్లికి కాపలా కాయదు. ఆమెకు తోడు పడుకొను మనిషి, వీథిలో దీపము, పిలిచిన పలుకు పొరుగిల్లు కావలెను.

ఈ మూడింటికిని శాంతముగా జవాబు చెప్పుకొన్న పిదపకూడ అవసరమే యని తోచినవారు తమ సొంత పేర, నిజమైన చిరునామాతో, తమ నగరాధికారికే దరఖాస్తు పెట్టుకొందురు గాక. లైసెన్సు చేతికి వచ్చిననాడు మొదట చదువవలసిన పంక్తి తన పేరు గాదు. అది యెంతమేర చెల్లునో తెలుపు పంక్తి.